గరిటె పట్టిన వీరుడు



ఇవాళ ఒక పిల్లల సినిమా గురించి పెద్దవాళ్లతో మాట్లాడాలని వచ్చాను. ఇంట్లో పిల్లలుంటే వాళ్లను కూడా రేడియో దగ్గరికి పిలవండి. సినిమా పేరు 'కుంగ్‌ఫూ పాండా'. అమెరికాలోని డ్రీమ్‌వర్క్స్ సంస్థ తీసింది. 2008 జూన్‌లో విడుదలైంది. మార్క్ ఆస్బోర్న్, జాన్ స్టీవెన్సన్ ఇద్దరూ కలిసి దర్శకత్వం వహించారు. పిల్లలకు అది ఎంత నచ్చిందంటే 2011లో రెండో భాగం, 2016లో మూడోది, 2024లో నాలుగోది కూడా వచ్చాయి. సినిమా హాలు మొహం చూడని ఊళ్లకు కూడా టీవీలో, ఆ తర్వాత సెల్‌ఫోన్లలో చేరింది. అచ్చంపేట పోరగాళ్లకూ తెలుసు, దేవరకొండ పోరగాళ్లకూ తెలుసు.

చూడనివాళ్ల కోసం కథ చెబుతాను. చైనాలో కొండల నడుమ శాంతిలోయ అనే ఊరు. అక్కడ నూడుల్స్ అమ్మే చిన్న హోటలు. నడిపేది పింగ్ అనే బాతు. ఆయన కొడుకు పో. పో బాతు కాదు, పాండా. ఒళ్లంతా కండపట్టి, ముందుకు పొడుచుకొచ్చిన బొజ్జతో, నాలుగు మెట్లెక్కితే రొప్పుతుంటాడు. పొద్దంతా గిరాకీలకు గిన్నెలు అందిస్తాడు, రాత్రయితే కుంగ్‌ఫూ వీరుల కలలు కంటాడు. కొండమీది ఆశ్రమంలో ఐదుగురు మహావీరులున్నారు. పులి, కోతి, కొంగ, పాము, గొల్లభామ. వాళ్లలో ఒకరిని డ్రాగన్ యోధుడిగా ఎంచే రోజు వచ్చింది. ఎంచవలసింది ఊగ్వే అనే ముసలి తాబేలు. ఆ వేడుక చూద్దామని పో ఆపసోపాలు పడుతూ మెట్లెక్కి పోయేసరికి తలుపులు మూసేశారు. గోడ ఎక్కుదామంటే ఒళ్లు సహకరించదు. చివరికి కుర్చీకి తారాజువ్వలు కట్టి, నిప్పు ముట్టించుకొని, ఆకాశానికి ఎగిరి, వచ్చి సరిగ్గా వీరుల నడుమ దబ్బున పడ్డాడు. తాబేలు వేలు అతణ్నే చూపించింది.

అక్కడి నుంచి చాలాసేపు మనం పోను చూసి నవ్వుతూనే ఉంటాం. లావుగా ఉన్నవాణ్ని తెరమీదికి తెచ్చి నవ్వించడం మన తెలుగు సినిమాకు పాత అలవాటు. చాలా సినిమాల్లో ఆ మనిషి పని అంతటితో సరి. ఈ సినిమా ఆ నవ్వును పట్టుకొని ఇంకా దూరం నడుస్తుంది. తాయ్‌లుంగ్ అనే మంచుచిరుత శత్రువు. చివరి పోరులో అతను పో ఒంటిమీద నరాల మర్మాలు చూసి పొడుస్తాడు. ఆ దెబ్బకు అంతకుముందు ఐదుగురు మహావీరుల్లో నలుగురు కట్టెల్లా బిగుసుకుపోయారు. పోకు మాత్రం కితకితలు పెట్టినట్టుంటుంది. కొవ్వు దాటి ఆ వేలు నరానికి అందలేదు. కాసేపటికి అదే బొజ్జతో ఒక్క ఊపు ఊపితే చిరుత ఆకాశంలో తేలింది. దేన్ని చూసి ఇంతసేపూ నవ్వామో అదే గెలిచింది. అప్పుడూ నవ్వుతాం, కానీ పోతో కలిసి నవ్వుతాం. పిల్లలు ఆ తేడా ఇట్టే పట్టుకుంటారు. బడిలో 'బొండాం' అని పిలిపించుకునే పిల్లవాడు ఇంకా ముందే పట్టుకుంటాడు.

నాకు ఆ గెలుపు కంటే ముందు వచ్చే ఒక ఘట్టం ఎక్కువ ఇష్టం. గురువు షిఫూకు ఈ శిష్యుడు మొదటినుంచీ నచ్చలేదు. పంపించేయాలని చూశాడు, చావగొట్టాడు, నానా మాటలూ అన్నాడు. ఏదీ ఫలించలేదు. చిరుత చెర తప్పించుకొని వస్తోంది, చేతిలో ఉన్నది ఈ ఒక్కడే. దిగులుతో ఉన్న షిఫూకు వంటింట్లోంచి చప్పుడు వినిపించింది. పోయి చూస్తే, మనసు బాగాలేక పో బీరువాలు వెతికి తింటున్నాడు. కోతి దాచుకున్న బిస్కెట్లు పై అరలో ఉన్నాయని షిఫూ మాటవరసకు అని వెనక్కి తిరిగాడు. మళ్లీ చూసేసరికి పో పై అరల నడుమ రెండు కాళ్లూ బారచాపి గాల్లో నిలబడి బిస్కెట్లు నములుతున్నాడు. మైదానంలో ఎన్ని రోజులు నేర్పినా రాని భంగిమ, బిస్కెట్ కోసం దానంతటదే వచ్చింది. ఎలా ఎక్కావని అడిగితే పోకే తెలియదు.

షిఫూకు అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. శిష్యుణ్ని కొండల్లోకి తీసుకుపోయి, పాఠం మొత్తం తిండిచుట్టూ అల్లాడు. చివరి పరీక్షలో ఒక గిన్నె నిండా ఆవిరి కుడుములు పెట్టి తినమన్నాడు. పో ఒకటి నోటిదాకా తెచ్చుకుంటే షిఫూ లాగేసుకున్నాడు, ఇంకోటి ఎత్తితే అదీ మాయం. ఇద్దరూ తినే పుల్లలతో తలపడ్డారు. గిన్నెలు ఎగిరాయి, బల్ల తిరగబడింది, ఆఖరి కుడుము గాల్లో గిరికీలు కొట్టింది. పో దాన్ని గెలుచుకున్నాడు. గెలుచుకున్నాక తినలేదు. ఆకలి లేదని గురువుకే విసిరేశాడు. అన్నీ తినేవాడు తినకుండా వదిలిన ఆ క్షణంలో వాడు శిష్యుడయ్యాడు. పిల్లల సినిమాలో గురుశిష్య సంబంధాన్ని ఇంత చక్కగా చూపించిన ఘట్టం నేను ఇంకొకటి చూడలేదు. మన ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో ఈ ఘట్టాన్ని తెరమీద వేసి చూపించాలని నాకు గట్టిగా ఉంది.

చైనాలో ఈ సినిమా విడుదలైనప్పుడు జనం ఎగబడి చూశారు. చూసి ఒక ప్రశ్న వేసుకున్నారు. పాండా మనది, కుంగ్‌ఫూ మనది, మరి ఈ సినిమా మనమెందుకు తీయలేకపోయాం? ఆ చర్చ పత్రికల్లో మొదలై ప్రభుత్వ సలహా మండలి దాకా పోయింది.

మనమూ ఆ ప్రశ్న వేసుకోవచ్చు. అయితే మన దగ్గర సగం జవాబు ఉంది. అదే 2008లో, హైదరాబాద్‌లో తయారైన 'ఛోటా భీమ్' పోగో చానల్లో మొదలైంది. తీసింది రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ. ధోలక్‌పూర్ అనే ఊరు, తొమ్మిదేళ్ల భీమ్, చుట్కీ, రాజు, జగ్గు అనే కోతి, ఎప్పుడూ పోటీకి వచ్చే కాలియా. లడ్డూ తింటే భీమ్‌కు బలం. 2019 మే 10న, సరిగ్గా వేసవి సెలవుల్లో, ఆ సంస్థే 'ఛోటా భీమ్: కుంగ్‌ఫూ ధమాకా' అనే త్రీడీ సినిమా విడుదల చేసింది. భీమ్ తన జట్టుతో చైనాకు కుంగ్‌ఫూ పోటీలకు వెళ్తాడు, అక్కడ రాకుమారిని దుష్టుడు ఎత్తుకుపోతాడు, భీమ్ కాపాడతాడు. చైనా వీరవిద్యను మన హైదరాబాద్ చిత్రకారులు గీసి, మన పిల్లవాడి చేత చేయించారన్నమాట. పిల్లల బొమ్మల సినిమా అంటే ఎక్కడో సముద్రాల అవతల తయారై రావాలనే రోజులు పోయాయి. ఇది నాకు నిజంగా గర్వం.

కానీ ఒక మాట చెప్పాలి. ఛోటా భీమ్‌లో లడ్డూ నోట్లో పడగానే బలం వచ్చేస్తుంది. పోకు కుడుము ఊరికే దొరకలేదు, దానికోసం ఒళ్లు హూనం చేసుకున్నాడు. ఇంకొకటి, ఛోటా భీమ్‌లో కాలియా లావు, కాలియా తిండి, కాలియా ఓటమి మొదటినుంచి చివరిదాకా నవ్వుకోవడానికే ఉన్నాయి. ఆ పిల్లవాడికి కూడా ఒక్క రోజు రావాలి. హైదరాబాద్ నుంచి వచ్చే తర్వాతి కథ కాలియాది అయితే నేను మొదటి టికెట్ కొంటాను.

భీమ్ అనే పేరు ఎక్కడిదో చెప్పనక్కర లేదు. మహాభారతంలో భీముడు ఎప్పుడు వంటవాడయ్యాడో మాత్రం పిల్లలకు చెప్పాలి. ఎందుకంటే ఆ కథను ఈ నేలమీద మనం శతాబ్దాలుగా వింటూ వచ్చాం. వానలు మొహం చాటేసిన ఏడు గుళ్లో విరాటపర్వం చదివించడం తెలుగు పల్లెల ఆచారం. పాలమూరు, నల్లగొండ అంటే చెరువు నిండేదాకా నమ్మకం లేని మెట్టనేల. ఆరుద్ర కార్తెలో మొగులు మొహం చూసి మొహం చూసి, చివరికి ఒకపక్క పిల్లలు రోకలికి కప్పను కట్టి కప్పతల్లి ఆటతో ఇల్లిల్లూ తిరిగేవాళ్లు, ఇంకోపక్క పెద్దలు తిక్కన విరాటపర్వం మొదలుపెట్టించేవాళ్లు. ఆ పర్వంలో యుద్ధం ఉంది, అంతకంటే ఎక్కువగా కామెడీ ఉంది. వానకోసం భక్తితో విన్నాం కాబట్టి ఆ హాస్యాన్ని మనం గట్టిగా పిల్లలకు అందించలేదేమో అని నాకు అనిపిస్తుంది.

పాండవులు పన్నెండేళ్లు అడవిలో గడిపి, పదమూడో ఏడు ఎవరికీ తెలియకుండా విరాటరాజు కొలువులో చేరారు. ధర్మరాజు కంకుభట్టయ్యాడు. నకులుడు గుర్రాలు చూసుకున్నాడు, సహదేవుడు పశువులు కాసుకున్నాడు, ద్రౌపది రాణి సుదేష్ణకు సైరంధ్రి అయింది. అర్జునుడు బృహన్నలగా అంతఃపురంలో ఆట నేర్పాడు. భీముడు గరిటె చేతబట్టి వలలుడనే పేరుతో వంటశాలలో చేరాడు. చూడండి, అంత పేరుమోసిన గదాయోధుడు, ఇప్పుడు పప్పులో ఉప్పు సరిపోయిందా అని చూసుకుంటున్నాడు. ఊళ్లో ఉత్సవం వచ్చింది. జీమూతుడనే మల్లుడు గోదాలో దిగి, నన్ను ఎదిరించే మొగాడెవరని తొడగొట్టాడు. ఒక్కరూ కదల్లేదు. విరాటరాజు వంటవాణ్ని పిలిపించాడు. వెనకాముందాడుతూనే వలలుడు గోదాలోకి దిగాడు. వచ్చిన ఆ మల్లుడు తిరిగి లేవలేదు. హోటల్ కుర్రాడు వీరుడయ్యే కథ డ్రీమ్‌వర్క్స్ వాళ్లు 2008లో తీస్తే, వంటవాడు మల్లుణ్ని మట్టి కరిపించిన కథ తిక్కన పదమూడో శతాబ్దంలోనే తెలుగులో రాసిపెట్టాడు.

ఇంకో ఘట్టం. సేనాపతి కీచకుడు నిండు సభలో ద్రౌపదిని తన్నాడు. భీముడు అక్కడే ఉన్నాడు. కోపంతో పళ్లు కొరికి, దగ్గర్లో ఉన్న చెట్టు వైపు చూశాడు. దాన్ని పెరికాడంటే కీచకుడు మిగలడు, అజ్ఞాతవాసమూ మిగలదు. ధర్మరాజు అది పసిగట్టి, వంటచెరుకు కోసమా ఆ చెట్టును చూస్తున్నావు, కట్టెలు కావాలంటే బయట తెచ్చుకో అని వంటవాడితో మాట్లాడినట్టే మాట్లాడాడు. సభలో వాళ్లకు అది మామూలు మాట. అన్నదమ్ములకు మాత్రం గుండెలు మండుతున్నాయి. నవ్వు తెప్పించే మాటకింద అంత దుఃఖాన్ని దాచిన రచన ప్రపంచంలో ఏ హాస్యకథకు తీసిపోతుంది? మరునాటి రాత్రి నర్తనశాల చీకట్లో కీచకుడు సింగారించుకొని వచ్చి, మంచంమీద పడుకున్నది సైరంధ్రి అనుకొని చెయ్యి వేస్తాడు. అక్కడ ఉన్నది వలలుడు. ఊళ్లో పౌరాణికుడు ఈ చోటికి రాగానే ముసలివాళ్లు కూడా పగలబడి నవ్వేవాళ్లు. 1963లో వచ్చిన 'నర్తనశాల' సినిమాలో ఆ భీముడి వేషం వేసింది నటన వృత్తిగా ఉన్నవాడు కాదు, దండమూడి రాజగోపాల్ అనే వెయిట్‌లిఫ్టర్. కీచకుడు ఎస్వీ రంగారావు. ఆ ఇద్దరి కుస్తీ ఇప్పటి పిల్లలకు చూపించండి, కన్నార్పరు.

ఉత్తరకుమారుడి సంగతి చెప్పకుండా విరాటపర్వం వదలలేను. కౌరవులు ఆవులను తోలుకుపోతుంటే ఇంట్లో మిగిలిన రాకుమారుడు అతనొక్కడే. ఆడవాళ్ల ముందు కూర్చొని, సారథి లేక ఆగాను గానీ భీష్మద్రోణులను చిత్తు చేసేవాణ్ని అన్నాడు. బృహన్నలను సారథిగా ఇచ్చారు. చెల్లెలు ఉత్తర, కౌరవుల తలపాగాలు తెచ్చిపెట్టు, నా బొమ్మలకు బట్టలు కడతానంది. సైన్యం కనపడగానే ఉత్తరుడికి కాళ్లు వణికాయి. రథం దూకి పరుగు. చీరకట్టులో ఉన్న అర్జునుడు జడ ఊగుతుండగా వెంటపడి పట్టుకొచ్చాడు. కౌరవ సేనలో కొందరికి నవ్వు ఆగలేదు. ఈనాటికీ కోతలు కోసేవాణ్ని మనం ఉత్తరకుమారుడంటాం.

కానీ కథ అక్కడ ముగియలేదు. అర్జునుడు అతణ్ని తిట్టలేదు, వదిలేయలేదు. జమ్మిచెట్టు దగ్గరికి తీసుకుపోయి, పైన దాచిన ఆయుధాలు దింపమన్నాడు. భయం తగ్గేదాకా మాట్లాడాడు. నువ్వు యుద్ధం చేయకు, గుర్రాలు తోలు, యుద్ధం నేను చేస్తానన్నాడు. పారిపోయినవాడే పగ్గాలు పట్టి భీష్మద్రోణుల మీదికి రథం తోలాడు. దసరా నాడు పిల్లలు జమ్మి ఆకు తెచ్చి బంగారమని మన చేతుల్లో పెట్టి కాళ్లు మొక్కుతారు కదా, ఆ చెట్టెక్కిన పిరికివాడు ఇతనే. తర్వాత కురుక్షేత్రంలో మొదటి రోజునే ఉత్తరుడు ఏనుగునెక్కి శల్యుడి మీదికి పోయి, అతని చేతిలో వీరమరణం పొందాడు. నవ్వులపాలైన మనిషికి వ్యాసుడు ఇచ్చిన స్థానం అది. మనం మాత్రం పరుగెత్తిన రోజునే గుర్తుపెట్టుకున్నాం. పిల్లలకు చెప్పేటప్పుడు రెండో సగం కూడా చెబుదాం.

చైనాకు, మన కృష్ణా నది ఒడ్డుకు కూడా పాత పరిచయం ఉంది. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు, నీళ్లు నిండకముందే పురావస్తు శాఖ నాగార్జునకొండ లోయను తవ్వింది. అక్కడ మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల నగరం బయటపడింది. ఆ వంశపు రాజు వీరపురుషదత్తుడి కాలంలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కశ్మీరం, గాంధారం, వంగం, ఇంకా ఎన్నో దేశాలకు ధర్మం చేర్చిన ఆచార్యుల ప్రస్తావన ఉంది. ఆ దేశాల వరుసలో చీనా పేరు కూడా ఉంది. ఒక గృహిణి, నల్లగొండకు ఎదురొడ్డున నిలబడి, చీనా పేరు రాతిమీద చెక్కించింది. అదే లోయలో చుట్టూ మెట్ల వరుసలతో, నడుమ ఆటస్థలంతో ఒక రంగస్థలం దొరికింది. మల్లయుద్ధాలూ ఆటలూ అక్కడ జరిగి ఉంటాయని తవ్వినవాళ్ల అభిప్రాయం. దాన్ని ముంపు తప్పించి కుడి గట్టున అనుపు దగ్గర మళ్లీ కట్టారు, పిల్లలను తీసుకుపోతే ఆ మెట్లమీద కూర్చోవచ్చు. ఇవతలి గట్టున, మన నల్లగొండ వైపు, 2022లో ప్రారంభించిన బుద్ధవనంలో జాతక కథల శిల్పాలున్నాయి. కోతి, లేడి, పిట్ట వీరులైన కథలవి. చైనాలో కుంగ్‌ఫూకు పేరుపడ్డ షావొలిన్ మఠానికి బౌద్ధ గురువు బోధిధర్ముడు దక్షిణ భారతం నుంచి వెళ్లాడని చైనా సంప్రదాయం చెబుతుంది. కుంగ్‌ఫూ ఆయనతోనే పుట్టిందన్న మాటను చరిత్రకారులు ఒప్పుకోరు, అది పక్కన పెడదాం. కథలు మాత్రం ఇటునుంచి అటు నడిచాయి. ఇప్పుడు పాండా రూపంలో అటునుంచి ఇటు వస్తున్నాయి.

మన ఊళ్లల్ల వీరవిద్య, హాస్యం వేరువేరు ఇళ్లలో పుట్టలేదు. పీర్ల పండుగనాడు పులివేషం కట్టినవాడు అడుగు వేస్తే పిల్లలు జడుసుకొని, మళ్లీ వాడివెంటే ఉరుకుతారు. చిందు భాగోతంలో రాజులు కత్తులు దూస్తుంటే నడుమ బుడ్డర్‌ఖాన్ వచ్చి నవ్వించి పోతాడు. తెలంగాణ జాతరల్లో కుస్తీ పోటీలు ఎలా మొదలవుతాయో చూశారా? ముందు చిన్నపిల్లల కుస్తీ, గెలిస్తే కొబ్బరికాయ. ఆఖరి జోడీకి వెండి కడియం. కడియం గెలిచిన పెద్ద పహిల్వాను ఎవరైనా ఒకప్పుడు కొబ్బరికాయ కోసం మట్టిలో దొర్లినవాడే. షిఫూ కుడుముతో చేసిన పని మన జాతర కొబ్బరికాయతో చేస్తోంది.

ఈ మధ్య పాలమూరులో ఒక ప్రభుత్వ పాఠశాలలో ఆడపిల్లలకు కరాటే నేర్పుతుంటే చూశాను. సమగ్ర శిక్షా కింద ఆరో తరగతి నుంచి అమ్మాయిలకు ఆత్మరక్షణ శిక్షణ ఇస్తున్నారు, మీ బడిలో కూడా జరుగుతుండవచ్చు. సాయంత్రం పూట, చున్నీలు నడుముకు బిగించి, చెప్పులు గోడవారన వరుసగా పెట్టి నిలబడ్డారు. పిడికిలి ముందుకు గుద్దుతూ కేక వేయమంది శిక్షకురాలు. పిడికిళ్లు లేచాయి గానీ గొంతులు లేవలేదు. ఒకరినొకరు చూసుకొని ముసిముసి నవ్వులు. గొంతు పెంచొద్దని పుట్టినప్పటినుంచీ విన్న పిల్లలు మరి. వెనక వరుసలో పొట్టిగా, బక్కపలచగా ఒక పిల్ల ఉంది, కాలు ఎత్తితే తూలిపోతోంది. ఆ పిల్ల వంతు రాగానే వేసిన కేకకు వేపచెట్టుమీది గోరింకలు లేచిపోయాయి. అందరూ తిరిగి చూశారు. ఎక్కడ నేర్చుకున్నావు బిడ్డా అని శిక్షకురాలు అడిగితే, మా జొన్నచేన్ల మంచె మీద పిట్టలు కొడతా మేడం అంది. ఇక చూడండి, ఆ పిల్లను ముందు వరుసకు తెచ్చి నిలబెట్టింది ఆ తల్లి. కేక నువ్వు చెప్పు, మిగతావాళ్లు నీవెంట అంటారంది. పది నిమిషాల్లో మైదానం దద్దరిల్లింది.

మంచెమీద పిట్టలు కొట్టే చేతిలో వడిసెల కూడా ఉంటుంది. 1940లలో నల్లగొండ రైతులు దొరలమీద, రజాకార్లమీద తిరగబడ్డప్పుడు తుపాకులకంటే ముందు వాళ్ల చేతికొచ్చిన ఆయుధం ఆ వడిసెలే. ఆడవాళ్లు రోకళ్లు పట్టారు, కారంపొడి పట్టారు. వంటింటి సామాను, చేని సామాను. వాళ్లలో ఎవరినీ ముందుగా ఎవరూ వీరులనుకోలేదు.

ఒంటి బలం గురించి ఇంతసేపు మాట్లాడాను కాబట్టి ఒక పేరు చెప్పాలి. మర్రిగూడ మండలం శివన్నగూడెం వాసి అంశాల స్వామి. ఫ్లోరైడ్ నీళ్లు ఆయన ఎముకలను చిన్నప్పుడే వంచేశాయి. ఆ శరీరంతోనే నల్లగొండకు మంచినీళ్లు కావాలని పోరాడి, 2023లో కన్నుమూశారు. ఆయన కథను ఎవరైనా పిల్లలకు బొమ్మల్లో చెబితే, పో పక్కన కూర్చోబెట్టదగిన కథ అది.

పో గురించి ఇంకొక్క సంగతి. అతను పింగ్‌కు కన్నకొడుకు కాదు. రెండో భాగంలో తెలుస్తుంది, కూరగాయల బండిలో వచ్చిన ముల్లంగి పెట్టెలో ఆ పసివాడు దొరికాడు. తల్లిదండ్రులు ఆపదలో పడి, ప్రాణం దక్కాలని వదిలిపోయారు. బాతు నూడుల్స్ తినిపించి పెంచాడు. పాలమూరులో ఈ కథ వింటే గొంతు పట్టేస్తుంది. పంట కోతలయ్యాక తల్లీతండ్రీ మేస్త్రీ వెంట ముంబైకో, పుణెకో పోతారు. పిల్లలు నాయనమ్మ దగ్గరో, వలస కుటుంబాల పిల్లలకోసం పెట్టిన సీజనల్ హాస్టల్లోనో ఉంటారు. మలీద ముద్ద చేతిలో పెట్టి పెంచేది నాయనమ్మే. మూడో భాగంలో కన్నతండ్రి తిరిగి వచ్చినప్పుడు పెంచిన తండ్రికి ఎంత బాధ కలిగిందో, ఆ ఇద్దరూ ఎలా కలిసిపోయారో సినిమా దాపరికం లేకుండా చూపిస్తుంది. నవ్విస్తూనే చూపిస్తుంది. అమ్మానాన్న దూరంగా ఉన్న పిల్లల దగ్గర ఈ సినిమా పెట్టినప్పుడు పక్కన ఒక పెద్ద మనిషి కూర్చోవాలి. వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే మనిషి కావాలి.

హైదరాబాద్‌లో బొమ్మలు గీసే యువకులకు, ముఖ్యంగా పాలమూరు, నల్లగొండ జిల్లాల నుంచి పోయి అక్కడి స్టూడియోల్లో పనిచేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నాది ఒక విన్నపం. విరాటుడి వంటశాల తీయండి. గరిటె పట్టిన వలలుణ్ని, బొమ్మలకు బట్టలు అడిగిన ఉత్తరను, రథం దూకి ఉరికిన ఆమె అన్నను మన పిల్లలకు మన యాసలో చూపించండి. వలలుడు జొన్నరొట్టె కొట్టే చప్పుడు వినపడాలి, గోదాలో దిగేముందు చేతికి అంటిన పిండి దులుపుకోవాలి. ఆ పర్వం కంఠతా వచ్చిన పౌరాణికులు ఇంకా కొందరు ఉన్నారు. ఏ చోట జనం నవ్వుతారో, ఏ చోట కళ్లు తుడుచుకుంటారో వాళ్లకు తెలుసు. ఈసారి ఊరికి వచ్చినప్పుడు పోయి వాళ్లముందు కూర్చోండి, ఫోన్లో రికార్డు చేసుకోండి. కథ ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే వాళ్లే చెబుతారు.